వరుసలో ముందున్నావిడ

విమానాశ్రయంలో తనిఖీ తలుపుచట్రం మళ్ళీ కుయ్యిమంది.

"అమ్మా, ఒంటి మీద లోహపు వస్తువులేమైనా ఉన్నాయా?" సెక్యూరిటీ అమ్మాయి అడిగింది.

"ఒంటి మీద లేవమ్మా, ఒంట్లో ఉంది," అంది ముసలావిడ. "ఎడమ తొడలో. కుర్చీ వేయించి పక్కన చూడు."

ఆమెను తెర వెనక్కి తీసుకెళ్ళారు. వరుస ఆగిపోయింది.

వెనక నిలబడ్డ క్రేన్ ఆపరేటర్ గడియారం చూసుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

"ఈ వయసులో ఇంట్లో కూర్చోక విమానాలెందుకో వీళ్ళకి!" అన్నాడు, తెర వెనక్కి వినిపించేలా.

అతని తొందర అతనిది. ఓడరేవులో పదిహేనేళ్ళు ఆకాశంలో కూర్చుని పెట్టెలు దించిన మనిషి. కిందటేడు తొడ ఎముకలో కణితి తేలింది. ఆ ఎముక తీసేసి లోహపు ఎముక వేశారు. ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. ఆపరేషన్ చేసిన సర్జన్ ఇవాళ చూసి, మెట్లెక్కగలడని రాసిస్తే మళ్ళీ క్రేన్. లేదంటే రిటైరయ్యేదాకా గోదాములో చీటీలు అతికించడమే.

అతని వంతు వచ్చింది. చట్రం దాటాడు.

కుయ్యిమంది.

"బెల్టు తీయండి."

"తీశాను."

"జేబులో ఏముంది?"

"జేబులో కాదయ్యా, ఎముకలో ఉంది! విప్పి ట్రేలో పెట్టమంటావా?"

సెక్యూరిటీ కుర్రాడి మొహం గట్టిపడింది. ఇంకో ఇద్దరు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"అరవకండి. డాక్టరు కాగితం ఉందా?"

కాగితం పెద్ద పెట్టెలో ఉంది. పెట్టె ఎప్పుడో విమానంలోకి వెళ్ళిపోయింది. మైకులో తన విమానం పేరే పిలుస్తున్నారు.

"బాబూ."

ముసలావిడ. బల్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నదల్లా లేచి వచ్చింది.

"వాళ్ళ మీద కోప్పడితే ఇంకో అరగంట పడుతుంది. ఏ కాలు?"

"కుడి కాలండీ."

ఆమె సెక్యూరిటీ కుర్రాడి వైపు తిరిగింది. "నాయనా, ఇతనికి తొడలో లోహపు ఎముక వేశారు. వంగమనకు, వంగలేడు. కూర్చోబెట్టి, కాలు చాపించి చూడు."

అలాగే చూశారు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అంతసేపూ ఆమె అతని బూట్లు పట్టుకుని నిలబడింది.

"మీకిదంతా బాగా అలవాటులా ఉంది," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ముప్పై రెండేళ్ళుగా మోగుతూనే ఉన్నాను బాబూ. నీకు ఎన్నాళ్ళయింది?"

"ఏడాది."

"ఏడాదికే చేతికర్ర లేకుండానా! ఏదీ, నాలుగడుగులు వెయ్యి."

సిగ్గుపడుతూనే వేశాడు. ఆమె కళ్ళార్పకుండా అతని కాలు వైపే చూసింది. చూస్తూ చూస్తూ కళ్ళు ఒత్తుకుంది.

"ఎంత బాగా నడుస్తున్నావో!"

నలుగురూ ఇటే చూస్తున్నారు. అతను చటుక్కున బూట్లు అందుకుని గేటు వైపు నడిచాడు. థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయాడు.

దిగాక, టాక్సీల దగ్గర మళ్ళీ ఎదురైంది.

"ఎముకల ఆసుపత్రి వైపేనా బాబూ? కలిసి వెళ్దామా?"

అతను ఆమె నడక చూశాడు. అడుగు తీసి అడుగు వేయడానికే ఒక యుగం పట్టేలా ఉంది.

"లేదండీ, నాకు వేరే పనుంది," అని అబద్ధమాడి, ముందున్న టాక్సీ ఎక్కేశాడు.

ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చుంటే గానీ పిలుపు రాలేదు. జుట్టంతా నెరిసిన సర్జన్ అతని చేత మూడంతస్తుల మెట్లు ఎక్కించాడు, దింపించాడు. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు.

"క్రేన్ ఎక్కు. రాసిచ్చేస్తున్నా."

అతను రెండు చేతులూ జోడించాడు. కాసేపటికి మనసు తేలికై, నవ్వుతూ పొద్దుటి గొడవంతా చెప్పాడు.

"విచిత్రమైన మనిషి డాక్టర్‌గారూ! నా నడక చూసి ఏడ్చేసింది."

సర్జన్ కలం ఆగింది.

"ఆవిడ వచ్చి వెళ్ళిపోయింది కూడా," అన్నాడు.

"ఇక్కడికే వచ్చిందా?"

"పై అంతస్తులో ఒకమ్మాయి ఉంది, ఈత నేర్పే టీచరు. నీకొచ్చిన కణితే. ప్రాణం పోయినా సరే, ఆపరేషన్ చేయించుకోనని వారంగా మొండికేసింది. ఆవిడ వచ్చి గంటసేపు పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి సరేనంది. ఎప్పుడు పిలిచినా ఆవిడ వస్తుంది. టిక్కెట్టు మేం కొంటామంటే కోప్పడుతుంది."

"నర్సుగా చేసేదా?"

"బట్టలు కుట్టేది."

సర్జన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అప్పట్లో ఈ కణితి వస్తే కాలు తీసేయడమే. మా గురువుగారు లోహపు ఎముక వేసి చూస్తానంటే ఒక్కరూ ముందుకు రాలేదు. ఆవిడ వచ్చింది. మొదటిసారి వేసింది వదులైపోయింది. రెండోసారి చీము పట్టింది. మూడోసారి లోహమే విరిగింది. కాలు తీసేద్దామని మేమే బతిమాలాం. 'ఎక్కడ తప్పు జరిగిందో రాసుకోండి. ఇంకోసారి చెయ్యండి. నాకు కాకపోతే ఇంకొకరికి పనికొస్తుంది' అంది. నేనప్పుడు గురువుగారి పక్కన పనిముట్లు అందించే కుర్ర డాక్టర్ని."

అతను లేచి నిలబడ్డాడు. "ఆవిడ విమానం ఎన్నింటికి?"

"ఈపాటికి ఎక్కేసి ఉంటుంది."

అతను మళ్ళీ కూర్చోలేకపోయాడు. రెండు కాళ్ళ మీదా అలాగే నిలబడిపోయాడు.

"మేమంతా ఈ ఆపరేషన్ నేర్చుకున్నది," అన్నాడు సర్జన్ మెల్లగా, "ఆవిడ కాలి మీదే."