బ్రేకు రాడ్డు

"పదేళ్ళుగా నా చేతుల మీద నడిచిన బండండీ! ఫుట్‌రెస్టులు మార్చడానికి ఆ బెజవాడోడే కావాల్సొచ్చాడా?"

చీరాల మెకానిక్ పానకాలు రుసరుసలాడుతూ బండి చుట్టూ తిరిగాడు. త్యాగరాజు మాస్టారి పాత మోటార్‌సైకిలుకు కొత్త రేసు బండి ఫుట్‌రెస్టులు, వెనక్కి జరిపి, ముచ్చటగా బిగించి ఉన్నాయి. ఎంత వెతికినా వంక దొరకలేదు. చివరికి, పెడలును వెనక చక్రం డ్రమ్ము బ్రేకుకు కలిపే రాడ్డు ఊడి వేలాడుతూ కనిపించింది.

"చూశారా మాస్టారూ! వాడు బ్రేకు బిగించడమే మర్చిపోయాడు!" అన్నాడు సంబరంగా.

మాస్టారు చెమట తుడుచుకున్నారు. "మర్చిపోలేదయ్యా. ఈ బ్రేకు ఎవరు సెట్ చేశారని అడిగితే నీ పేరు చెప్పాను. 'ఇంత బాగా నాకు కుదరదు, రాడ్డు ఆయన చేతే బిగించుకోండి' అన్నాడు. అందుకే రైల్లో వేసుకొచ్చి, స్టేషన్ నుంచి తోసుకొచ్చాను."

పానకాలు స్పానరు అందుకుని రాడ్డు బిగించడం మొదలెట్టాడు.

"ఆయన పేరేంటండీ మాస్టారూ?"