పిట్టకు ముద్ద

జింకల పార్కు గేటు దగ్గర అండాలమ్మ చేతిలో టిఫిన్ డబ్బా చూసి కాపలాదారు సాంబమూర్తి ఆపాడు.

"లోపలికి తిండి తీసుకెళ్లకూడదమ్మా. జంతువులుంటాయి."

"జంతువులకు కాదన్నా. పిట్టకు పెట్టాలె. మా దిల్‌సుఖ్‌నగర్‌ల కాకులేడున్నయి? కోచింగ్ బోర్డులు తప్ప."

సాంబమూర్తిది రాజమండ్రి వైపు. అయినా సంగతి అర్థమైంది. పోయినవాళ్ల పేరు మీద పెట్టిన ముద్ద కాకి ముట్టాలి. ముట్టేదాకా పెట్టినవాళ్లకూ పచ్చి మంచినీళ్లుండవు.

సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎండలో నడిచొచ్చిన మనిషి.

"ఒక్కదానివే వచ్చావేమ్మా?"

"ఒచ్చేటోళ్లు లేరు."

కుంట గట్టుకు తీసుకెళ్లాడు. నీళ్లలో తుంగ, కొంగలు. అవతల ఎండుగడ్డిలో జింకలు తలెత్తి చూశాయి.

ఆమె విస్తరి పరిచింది. అన్నం, బోటి కూర. కొంగు చాటు నుంచి చిన్న సీసా తీసి గ్లాసులో పోసింది.

"సీసా లోపల పెట్టమ్మా, నా ఉద్యోగం పోతుంది. ఇంతకీ ఏం జరిగింది?"

"నా తమ్ముడు సైదులు ఉద్యమంల తిరుగుతుండె. మా ఇంటి మీది అర్రల దాసిపెట్టిన. ఒకడు పోలీసులకు తలుపు చూపిండు. ఆ దెబ్బలకు దవాఖానల పానం ఇడిసిండు."

"ఎవడో తెలుసా?"

"ఎరుకే. ఇడిసిపెట్ట."

కాకులు తుమ్మకొమ్మ మీద వాలాయి. కిందికి దిగలేదు. ఎండ ముదిరింది. ఆమె పెదాలు పగిలాయి. సాంబమూర్తి నీళ్లిస్తే వద్దంది.

"మందు వాసనకు రావట్లేదేమో. కుర్రాడు తాగేవాడా?"

"పోయినోనికి ఇష్టమైనయే పెట్టాలె గదా."

"పోనీ, మాటేదైనా ఇవ్వమ్మా. అప్పుడు ముడుతుందంటారు."

అండాలమ్మ విస్తరి మీదికి వంగింది. కళ్లలో తడి లేదు.

"తలుపు చూపినోడు ఇగ నా చేతి బువ్వ తినడు. ఒట్టు."

ఒక కాకి దిగింది. ముద్ద పొడిచింది. దాని వెనకే మిగతావన్నీ.

సాంబమూర్తి చేతులు జోడించాడు.

"మీ తమ్ముడికి శాంతి దొరికిందమ్మా."

అండాలమ్మ డబ్బా మూత బిగించి లేచింది.

"తమ్మునికి పోయిన నెలనే పెట్టినమన్నా; ఇది మా ఆయనకు, నేనొచ్చి బువ్వ పెడతనని ఇంట్ల ఎదురుచూస్తుండు."