ఒకే పేరున్న తల్లులు

దేశంలోని వివరాలన్నీ ఒకదానికొకటి ముడిపడ్డాక, ఎవరికి ఎవరు ఏమవుతారో రూల్స్ ఇంజన్ అనే సాఫ్ట్‌వేరే తేలుస్తోంది.

ఆస్పత్రి నుంచి జలంధర్ ఫోన్ చేశాడు. "మేడం, నా భార్య ఆపరేషన్‌కి భర్తగా నా సంతకం చెల్లదంటున్నారు. మేం అన్నాచెల్లెళ్లమట."

ఇంజన్ బాగుచేసే హైమవతి వెతికింది. ఇద్దరి తల్లుల పేరూ మాణిక్యమ్మే. పేరు ఒకటైతే తల్లీ ఒకరేనని ఎవరో నిన్న జావా కోడ్‌లో కొత్త రూల్ రాశారు. హైమవతి దాన్ని తీసేసింది. జలంధర్ మళ్లీ భర్తయ్యాడు, ఆపరేషన్ మొదలైంది.

అంతలో అనాథాశ్రమం వార్డెన్ ఫోన్ చేసింది. "అమ్మా, మా దగ్గర ఇద్దరు పిల్లలు అక్కాతమ్ముళ్లని మీ ఇంజన్ నిన్ననే తేల్చింది. ఇప్పుడు కాదంటోంది. వాళ్లు ఒకరినొకరు వదలడం లేదు. ఏం చెప్పను?"



"ఏమీ చెప్పకండి," అంది హైమవతి. "ఒకే గదిలో ఉంచండి."