బోర్డు మీద మాట

"సారూ, 'గుడ్ ఫ్యామిలీకి మాత్రమే' అంటే జర సప్పగున్నది. 'గుడ్' కంటె మంచి మాట చెప్పున్రి," అన్నాడు అంజయ్య. కొత్తకోటలో తన ఇంటి మేడమీది గదులు కిరాయికిస్తానని బోర్డు రాస్తున్నాడు.

అతని బిడ్డకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే దశరథ్ కాసేపు ఆలోచించాడు. 'నైస్' మరీ తేలిక. 'రెస్పెక్టబుల్' బోర్డులో పట్టదు.

"'డీసెంట్' అని రాయున్రి. మర్యాదగుంటది, ఎవరినీ నొప్పియ్యదు."

అంజయ్య ఎర్రరంగుతో ఒక్కో అక్షరం దిద్దుతుంటే, దశరథ్ పక్కన నిలబడి స్పెల్లింగు చెప్పాడు.

రాయడం అయ్యాక దశరథ్ కొంచెం మొహమాటంగా అన్నాడు. "ఇగ బోర్డెందుకన్నా, మేమే ఉంటం. నేను, మా ఇంటామె, ఇద్దరమే."

అంజయ్య ముఖం వెలిగింది. "గంతకంటె ఏం గావాలె సారూ. అగ్రిమెంటు రాసుకుందాం. మీ నాయిన పేరేంది?"

"ఏసోబు."

అంజయ్య తడి ఆరని బోర్డును రెండు చేతులా ఎత్తి, దశరథ్ చూస్తుండగానే గేటుకు కట్టాడు.

"మంచి మాట చెప్పిన్రు సారూ," అన్నాడు ముడి బిగిస్తూ.