ముత్యమ్మ చేతులు

“తొడుక్కో ముత్యమ్మా. మేడం పోయినంక మళ్ల ఇచ్చెయ్యాలె. ఖరాబు చెయ్యకు.”

సూపర్‌వైజర్ వెంకట సాయి కొత్త రబ్బరు గ్లౌజులు ఆమె ముందుకు విసిరాడు. ముత్యమ్మకు ఒళ్లు మండిపోయింది.

“గిన్ని దినాలు ఏడ దాసిన్రు సారూ గివి? అడిగి అడిగి నోరు నొచ్చింది.”

“నోరు మూసుకొని తొడుక్కో. ఆర్డర్ పోయిందనుకో, నీ పని గూడ పోతది.”

గుమ్మడిదల దగ్గరి ఆ ఫ్యాక్టరీలో పత్తి కట్టెను ముక్కలు కొట్టి, కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి, మెత్తబడ్డ పీచును ప్రెస్సులో వత్తి బోర్డులు చేస్తారు. తొట్టిలోంచి ఆ పీచు తోడి తోడి ముత్యమ్మ అరచేతుల చర్మం పొరలుగా ఊడిపోయింది. అన్నం కలిపితే కారం మంటకు ప్రాణం పోయినంత పనవుతోందని ఈమధ్యే చెంచాతో తినడం నేర్చుకుంది.

హరిచందన కారు దిగి లోపలికి వచ్చింది. ఇలాంటి బోర్డులతో పిల్లల మంచాలు, బల్లలు చేయించి అమ్మే కంపెనీ ఆమెది. ఆర్డర్ ఇచ్చే ముందు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చింది. వెంకట సాయి వంగి వంగి అన్నీ చూపించాడు.

“మా వర్కర్లకు ఏ లోటూ లేదు మేడం. సొంత మనుషుల లెక్క చూసుకుంటం.”

ఆ మాటతో ముత్యమ్మ ఇక ఆగలేకపోయింది. గ్లౌజులు ఊడబెరికి అతని కాళ్ల దగ్గర కొట్టింది. తొట్టి దగ్గరి ఆడవాళ్లంతా గుడ్లప్పగించి చూశారు.

“అబద్ధం మేడం! మీకు సూపియ్యనీకి పొద్దుగాలనే ఇచ్చిన్రు గివి. మీరు పోంగనే గుంజుకుంటరు. ఇగో, సూడుండ్రి నా చేతులు! సొంత మనుషులను గిట్లనే సూసుకుంటరా?”

“ఏయ్!” అంటూ వెంకట సాయి ఆమె మీదికి ఉరికాడు. హరిచందన చెయ్యెత్తి అతన్ని ఆపింది. దగ్గరికి వచ్చి ముత్యమ్మ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. పగుళ్లలో నెత్తురు చూసి ఆమె మొహం పాలిపోయింది.

“అయ్యో! ఇదంతా ఆ కాస్టిక్ వల్లేనా?”

“అవ్ మేడం.” ముత్యమ్మ రెండో చెయ్యి కూడా చాపింది. ఇన్నాళ్లకు అడిగే మనిషి ఒకరు వచ్చారు.

హరిచందన కోపంగా గిర్రున వెంకట సాయి వైపు తిరిగింది.

“ఏంటండీ ఇది? రేపు మీ బోర్డులు ముట్టుకుంటే, మా కస్టమర్ల చేతులు కూడా ఇలాగే అవుతాయా?”