హెల్మెట్ అద్దంలో బుడగ

పోయినేడు ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో జనాన్ని చూసి స్టేజీ మీదే ఏడ్చేసిన హర్షిత, ఈసారి మొహం ఎవరికీ కనబడకపోతేనే ఎక్కుతానంది. పోటీ రేపే. అందుకే సూర్యకళ రావులపాలెంలో కార్ల అద్దాలకి అంటించే వెండి ఫిల్ము కొనుక్కొచ్చి, రాత్రి పనులయ్యాక భర్త పాత హెల్మెట్ అద్దానికి సబ్బునీళ్లతో అతికించింది. వ్యోమగామి తల తయారైంది. కొలత చూద్దామని నిద్రపోతున్న పిల్లకి ఒక్కసారి తొడిగి తీసింది.

"నిద్రపోయే పిల్లకి అద్దం చూపిస్తావేంటే? ప్రాణం అందులోనే ఉండిపోతుందంటారు." అంది అత్తగారు చిట్టెమ్మ పక్కమంచం మీంచి.

"అద్దం కాదండీ అత్తయ్యగారూ, ఫిల్ము. మీరు పడుకోండి."

బల్ల మీద పెట్టి చూస్తే అద్దం మీద చెంప వచ్చేచోట గాలిబుడగ ఉంది. స్కేలుకి గుడ్డ చుట్టి అంచుదాకా నెట్టింది. అది మళ్లీ చెంప దగ్గరికే వచ్చింది. హెల్మెట్ లోపలివైపు ఆవిరి పట్టింది. తుడిచింది. కాసేపాగి మళ్లీ పట్టింది, ఎవరో ఊపిరి విడిచినట్టు.

సూది తెచ్చి బుడగ మీద ఆనించింది.

"సూదొద్దమ్మా."

హర్షిత గొంతే. గబగబా వెళ్లి పిల్ల మంచం దోమతెర ఎత్తింది. హర్షిత అటు తిరిగి గాఢనిద్రలో ఉంది. చెంప తడిగా ఉంది. ముట్టుకుంటే సబ్బు జిగురు.

ఫిల్ము మొత్తం పీకేద్దామని బల్ల దగ్గరికొచ్చి అంచు గోటితో లేపింది. దోమతెరలోంచి పిల్ల కెవ్వుమంది.

"అమ్మా, మంట!"

సూర్యకళ లేచిన అంచుని బొటనవేలితో అదిమిపట్టి అలాగే కూర్చుంది. తడి ఆరేదాకా అది అంటుకోదు. వేలి కింద వెచ్చగా, మళ్లీ ఆవిరి పడుతోంది.