ఉతకని బొంత

మంజీర పొంగిన ఏడాది అది. పటాన్‌చెరులో ముక్కు డాక్టర్ ముందు నా భార్య కౌసల్యమ్మ తుమ్ముతూ కూర్చుంది.

"ఎలర్జీ ఉన్నదా అని చేసిన చర్మం పరీక్ష, రక్తం పరీక్ష రెండూ మంచిగనే వచ్చినయి సారూ," అన్నాను. "కొడుకు పోయిన సంది ఊకె ఏడుస్తది, గంతే."

"ఏడుస్తలేను, ముక్కు కారుతుంది! మూడేండ్ల సంది చెప్తున్న, ఇంటడా ఈ మనిషి?"

పరీక్ష కోసం డాక్టర్ ఇంటి దుమ్ము నుంచి తీసిన మందు ఒక చుక్క ఆమె ముక్కులో వేశాడు. కాసేపటికే ముక్కు దిబ్బడేసి నీళ్లు కారాయి.

"ఆమె చెప్పేది నిజమే. ఎలర్జీ ముక్కులోనే ఉంది, చర్మంలో, రక్తంలో కనబడదు. ఇంట్లో దుమ్ముపట్టినవి, ఉతకనివి ఏమన్నా ఉన్నాయా?"

కౌసల్యమ్మ తల దించుకుంది. "మా కొడుకు ఎల్లేశం అంగీలతోని కుట్టిన బొంత. అదే కప్పుకుంట. ఉతికితే వాని వాసన పోతది సారూ."

మరునాడు పొద్దున కాగులో నీళ్లు మరగబెట్టాను. ముంచే ముందు బొంతను ఒకసారి నా ముఖానికి అద్దుకున్నాను.